వెనక టైర్లు గుంటలు పడుతున్నాయి, ముందువి అంచులు పోతున్నాయి: తప్పు అలైన్‌మెంట్‌దా, షాకబ్జార్బర్లదా?

మీ ప్రశ్న క్లుప్తంగా: బండి ఇసుజు వీ-క్రాస్ పికప్, ఫోర్ బై ఫోర్, ఆల్ టెర్రైన్ టైర్లు, పాడేరు చుట్టుపక్కల తోటల మట్టిదారుల్లో తిరుగుతుంది. ముందు రెండు టైర్లూ బయటి అంచున అరుగుతున్నాయి. వెనక టైర్లలో అక్కడక్కడా గుంటలు, అరవై దాటితే గుయ్యిమని మోత. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) రెండుసార్లు చేయించినా మార్పు లేదు. ఒక మెకానిక్ నాలుగు టైర్లూ మార్చమంటున్నాడు, ఇంకొకతను షాకబ్జార్బర్లు పోయాయంటున్నాడు.

మొదట, కొత్త టైర్లు కొనడం ఆపండి. అరిగిన షాకబ్జార్బర్ల మీద కొత్త టైర్లు వేస్తే అవీ ఇలాగే గుంటలు పడతాయి, మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు. నేను నడిపేదీ ఇలాంటి పికప్పే, చింతపల్లి వైపు మిరియాలు, కాఫీ గింజలు దింపుకొచ్చే పని. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు టైర్లది ఒకటి, వెనక టైర్లది ఇంకొకటి. రెండింటికీ కలిపి ఒకే మందు వెతుకుతున్నారు కాబట్టే దొరకడం లేదు.

వెనకవి ముందు చూద్దాం, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడుంది.

మన శ్రీసిటీలో తయారయ్యే ఈ బండికి ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి: ఒక్కో చక్రానికి పైనొకటి కిందొకటి ఆర్మ్‌లు (డబుల్ విష్‌బోన్), కాయిల్ స్ప్రింగులు. వెనక మాత్రం కమాన్ పట్టీలకు (లీఫ్ స్ప్రింగులకు) బిగించిన ఒకే గట్టి యాక్సిల్. హైలక్స్‌దీ ఇదే పద్ధతి. అలైన్‌మెంట్ మెషీను తెర మీద వెనక చక్రాల అంకెలు కూడా కనిపిస్తాయి, కానీ ఇలాంటి యాక్సిల్ మీద వాటిని తిప్పి సరిచేయడానికి బోల్టంటూ ఏదీ ఉండదు. ఆ అంకెలు తేడాగా ఉంటే యాక్సిల్ వంగిందనో, పట్టీల సెంటర్ బోల్టు విరిగి యాక్సిల్ పక్కకు జరిగిందనో అర్థం. అంకెలు బాగానే ఉండి కూడా టైరు గుంటలు పడుతోందంటే అలైన్‌మెంట్‌కి దాంతో సంబంధం లేదు. మీరు రెండుసార్లు కట్టిన డబ్బు వెనక టైర్లకు చేసిందేమీ లేదన్నమాట.

గుంటలు ఎలా పడతాయో చెప్తాను. పికప్ వెనక పట్టీలు బరువు మోయడానికి తయారైనవి. ఖాళీ బండిలో తోక తేలిక, పట్టీలు గట్టి. గతుకు తగిలిన చక్రం తిరిగి నేల మీద కుదురుకోకుండా ఎగురుతుంది. దాన్ని పట్టి ఆపాల్సింది షాకబ్జార్బరే. లోపల పిస్టన్ సన్నని దారుల గుండా నూనెను తోస్తుంది, చక్రం ఊపు వేడిగా మారి బయటికి పోతుంది. వాల్వులు అరిగినా, నూనె కారినా ఆ పట్టు పోతుంది. అప్పుడు చక్రం సెకనుకు 10 నుంచి 15 సార్ల దాకా దడదడమని నేలను కొడుతూ పోతుంది. నేలను గట్టిగా తాకిన చోట రబ్బరు ఎక్కువ అరుగుతుంది, తేలిన చోట తక్కువ. అరచేత్తో టైరు చుట్టూ తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. మీరు వింటున్న మోత అదే.

షాకబ్జార్బరే అని తేల్చే ముందు ఇంకో మూడు చూడాలి. చక్రం బ్యాలెన్సింగ్ లేకపోయినా గుంటలు పడతాయి. బురదలో తిరిగే బళ్ళకు రిమ్ము లోపలి వైపు మట్టి గడ్డకట్టి బ్యాలెన్సింగ్ చెడుతుంది, ముందు అది గీకి కడిగించండి. రెండోది చక్రం బేరింగు. జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కటకటమని కదలకూడదు. దారిలో మోత విని కూడా తేడా పట్టొచ్చు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఎడమకీ కుడికీ ఊగిస్తూ నడిపినప్పుడు మోత పెరిగి తగ్గితే బేరింగు మీద అనుమానం. ఊపినా మారకుండా తారు నునుపు, గరుకు మారినప్పుడల్లా మారితే టైరు. మూడోది పట్టీల చివరల రబ్బరు బుష్షులు, యాక్సిల్‌ని పట్టీలకు బిగించే యూ-బోల్టులు. యూ-బోల్టు వదులైతే యాక్సిల్ పట్టీ మీద కొద్దికొద్దిగా జరుగుతుంది, ఆ చోట తుప్పు రంగు పొడి రాలి కనిపిస్తుంది.

ఇక షాకబ్జార్బర్ల పరీక్ష. అందరూ చేసేది బండి మూల మీద బరువు వేసి కిందికి నొక్కి వదలడం. పికప్‌ల విషయంలో ఆ పరీక్షను నేను నమ్మను. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్లే ఊపు కొంత ఆగిపోతుంది, సగం చచ్చిన షాకబ్జార్బరు కూడా పాసయిపోతుంది. పైగా మనిషి బరువుకు ఆ పట్టీలు కదిలేదెంత!

నాకు పనికొచ్చింది వేడి పరీక్ష. మీరు రోజూ తిరిగే గతుకుల దారిలోనే ఓ అరగంట నడిపి, ఆపిన వెంటనే నాలుగు షాకబ్జార్బర్ల ఒంటినీ చూడండి. చేత్తో ముట్టుకోవచ్చు, కాకపోతే చురుక్కుమనేంత వేడి ఉండొచ్చు. దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. పని చేసేది వేడెక్కుతుంది. జతలో ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే ఆ చల్లనిదే పోయింది. నా బండికి వెనక ఎడమది ఇలాగే దొరికింది. బయటికి చుక్క నూనె కారలేదు, చూడ్డానికి కొత్తదానిలా ఉంది. కుడిదాన్ని ముట్టుకుంటే చెయ్యి వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది, ఎడమదాన్ని హాయిగా పట్టుకుని కూర్చోవచ్చు. సైలెన్సర్ గొట్టం ఏ వైపు పోతుందో మాత్రం చూసుకోండి, దాని సెగకు వేడెక్కిన దాన్ని చూసి మోసపోతారు. రెండూ చల్లగా ఉంటే రెండూ పోయి ఉండొచ్చు, లేదా మీరు నడిపిన దారి చాలినంత గతుకు కాకపోవచ్చు.

అనుమానం తీరకపోతే వెనకది విప్పి చూడొచ్చు, పైనొక బోల్టు కిందొక బోల్టు, పానాలతో అయ్యే పని. నిలువుగా పట్టుకుని పూర్తిగా లాగి, పూర్తిగా నొక్కండి. మొదటి రెండు మూడు సార్లు లెక్కలోకి రావు, పడుకోబెట్టి ఉంటే గాలి బుడగలు చేరి ఉంటాయి. ఆ తర్వాత లాగేటప్పుడు బిగువు ఎక్కువ, నొక్కేటప్పుడు తక్కువ ఉండడం మామూలే. చూడాల్సింది మధ్యలో ఎక్కడైనా పట్టు లేకుండా జారిపోతోందా, దిశ మార్చేటప్పుడు కాస్త దూరం ఖాళీగా కదులుతోందా అని. అది కనిపిస్తే అయిపోయినట్టే. గ్యాస్‌ది అయితే వదలగానే తనంతట తాను పైకి లేస్తుంది, అంటే గ్యాస్ ఇంకా ఉన్నట్టు. ముందు చక్రాలవాటి జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు. అక్కడ షాకబ్జార్బరు కాయిల్ స్ప్రింగులో కూర్చుని ఉంటుంది. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ పనిముట్టు లేకుండా విప్పితే స్ప్రింగు ఎగిరి మనిషి ప్రాణాల మీదికి వస్తుంది.

నూనె సంగతికొస్తే, ఒంటి మీద పల్చని తేమ, దానికంటిన దుమ్ము చూసి కంగారు పడక్కర్లేదు. తుడిచాక కొద్ది రోజుల్లోనే మళ్ళీ తడిసి కిందికి జారుతుంటే అది కారడం. రాడ్డు మీద గీతలున్నా, వంగినా సీలు ఎంతో కాలం ఆగదు. యాక్సిల్ పైనుండే బంప్ స్టాప్ రబ్బరు చూడండి. అది చిరిగి, నలిగి ఉంటే బండి తరచుగా కిందికంటా కొట్టుకుంటోందని అర్థం.

ఇంకో మాట. పొద్దున్నే బాగుండి, రెండు గంటలు గతుకుల్లో నడిచాక మెత్తబడిపోయే షాకబ్జార్బర్లు అరిగినవే కానక్కర్లేదు. నూనె వేడెక్కి నురగ కట్టినా పట్టు తగ్గుతుంది, చల్లారాక తిరిగొస్తుంది. రోజూ అదే జరుగుతుంటే కంపెనీవి పోయాయని కాదు, మీ వాడకానికి అవి చాలవని. అప్పుడు గ్యాస్‌వో, పెద్ద ఒళ్ళున్నవో ఆలోచించండి. ఏది మార్చినా ఒక యాక్సిల్‌కి రెండూ కలిపి మార్చాలి.

ముందు టైర్ల బయటి అంచు. మీరు ఘాట్‌లో తిరుగుతారు కాబట్టి కొంత అరుగుదల సహజం. ప్రతి మలుపులోనూ బండి బరువు ఎక్కువగా బయటి చక్రం అంచు మీద పడుతుంది, ఇటూ అటూ మలుపులే కాబట్టి రెండు టైర్లకూ పడుతుంది. అంతకు మించి ఉందా అన్నది చేత్తో చూడండి. ట్రెడ్ మీద అరచేతిని బయటి నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి రాయండి. బయటి నుంచి లోపలికి నున్నగా పోయి, వెనక్కి తెచ్చేటప్పుడు రంపంలా గీరుకుంటే టో-ఇన్ (చక్రాల ముందు భాగాలు లోపలికి తిరిగి ఉండడం) ఎక్కువైంది. గీరుకోకుండా అంచు ఒక్కటే నున్నగా అరిగితే క్యాంబర్, అంటే చక్రం పక్కకు వాలిన కోణం తేడా. బండి ముందు భాగాన్ని స్పేసర్లు వేసి లేపించారా? ఈ రకం సస్పెన్షన్‌ని లేపితే చక్రాల పైభాగం బయటికి వాలుతుంది, టో కూడా మారుతుంది. లేపాక అలైన్‌మెంట్ కుదరడం లేదంటే కారణం అక్కడ వెతకాలి.

లోపలి అంచు కూడా అరుగుతుంటే అది గాలి తక్కువై. బురద కోసం గాలిని పద్దెనిమిది, ఇరవై పీఎస్‌ఐకి దించి, మళ్ళీ ఎక్కించకుండా తారు మీద ఇంటిదాకా నడిపేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. గాలి కొట్టే చిన్న కంప్రెసర్ బండిలో పడేసుకుంటే తీరే సమస్య.

మీరు రాయలేదు గానీ అడగాల్సింది ఒకటుంది. ఘాట్‌లో తారు మీద కూడా ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసే నడుపుతున్నారా? మీ బండిది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, ముందు, వెనక యాక్సిళ్ళు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి, కానీ రెండు యాక్సిళ్ళనూ గేర్లు ఒకే వేగానికి కట్టేస్తాయి. ఆ తేడా అంతా రబ్బరు ఈడ్చుకుని సర్దుకుంటుంది, గేర్ల మీదా భారం పడుతుంది. పొడి తారు మీద టూ హైలో (వెనక రెండు చక్రాలే లాగేలా) పెట్టండి.

చేయించే వరుస కూడా ముఖ్యమే. గాలి సరిచూడండి. తర్వాత ముందు చక్రాల్ని లేపి, పక్కల పట్టుకుని ఊపి టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్ళు) చూడండి, గడ్డపారతో కింది ఆర్మ్‌ని ఎత్తి బాల్ జాయింట్లు చూడండి. వదులున్నవి మార్చండి. వెనక షాకబ్జార్బర్లు, తర్వాత బ్యాలెన్సింగ్, అన్నిటికీ చివర అలైన్‌మెంట్. జాయింట్లు వదులుగా ఉండగా చేసిన అలైన్‌మెంట్ గ్యారేజీ గేటు దాటేసరికి మారిపోతుంది. సరిచేయక మునుపటి అంకెలు, చేశాక వచ్చిన అంకెలు ఉన్న ప్రింట్లు రెండూ అడిగి తీసుకోండి.

ఇప్పుడున్న టైర్ల సంగతి. షాకబ్జార్బర్లు మార్చినంత మాత్రాన పడ్డ గుంటలు పూడవు, మోత కొంతకాలం ఉంటుంది. దాన్ని విని మార్పిడి దండగైందనుకోకండి. గుంటలు లోతుగా లేకపోతే ఆ రెంటినీ ముందుకు మార్చండి, తిరిగే కొద్దీ కొంత సర్దుకుంటాయి. స్టీరింగ్ వణికితే తీసేయడమే. పక్క గోడ మీద తయారీ తేదీ చూడండి: చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ట్రెడ్ సందుల్లో కనిపించే చిన్న గట్లు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, వాటిదాకా వచ్చిన టైరు తడి ఘాట్‌లో పనికిరాదు. ఇక నుంచి 8,000 కిలోమీటర్లకోసారి, స్టెప్నీ కూడా అదే సైజు, అదే రకమైతే దాన్నీ కలిపి, అయిదు టైర్లనూ ఒకదాని చోట ఇంకొకటి వచ్చేలా తిప్పి వేయించుకోండి. వేడి పరీక్షలో ఏ వైపుది చల్లగా తేలిందో ఇక్కడ రాస్తే మిగతాది మాట్లాడుకుందాం.