కలువల మీద పరిశోధనకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి స్రవంతికి,

కలువల మీద వాలే పురుగులను చూడటానికి నర్సంపేట వైపు చెరువులకు వెళ్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. హనుమకొండలో ఇన్నేళ్లు వృక్షశాస్త్రం చెప్పిన నాకు ఇంతకన్నా సంతోషం ఏముంటుంది? కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

పూడిక తీసిన చెరువులో గుంత ఎక్కడుందో పైకి కనిపించదు. కలువ కాడలు కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లకూ కష్టమే. ఒంటరిగా దిగావని తెలిస్తే ఊరుకోను. చేపలు పట్టేవాళ్లను తోడు తీసుకో. మత్తడి దూకే రోజున కట్ట దిగనే వద్దు. పాఖాల చెరువు అభయారణ్యంలో ఉంది, అనుమతి లేకుండా వెళ్లకు.

కటకం, నోటుబుక్కు సంగతి నీకు తెలిసిందే. దారం మాత్రం మరచిపోవద్దు. నాతో చదివిన ఒకతను నీలి కలువలపై వాలిన తేనెటీగలన్నిటినీ ఓపికగా లెక్కపెట్టాడు. పరాగ సంపర్కం వాటి వల్లే అని రాశాడు. "వీటిలో మొదటి రోజు పూల మీద వాలినవి ఎన్ని?" అని మా గురువుగారు అడిగారు. అతని దగ్గర జవాబు లేదు. అప్పటికి పూలకాలం అయిపోయింది. మళ్లీ మరుసటి ఏడాది దాకా ఆగాల్సి వచ్చింది. అతని ముఖం నాకిప్పటికీ గుర్తుంది, బిడ్డా.

కలువ పువ్వు ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటూ కొన్ని రోజులు ఉంటుంది. మొదటి రోజు అది ఆడపువ్వు. వంగి చూడు, నడుమ పుప్పొడిని అందుకునే గిన్నెలాంటి కీలాగ్రంలో ద్రవం మెరుస్తుంటుంది. వేరే పువ్వు నుంచి వచ్చిన పురుగు కేసరాల మీద జారి అందులో పడితే, ఒంటికున్న పుప్పొడి కడుక్కుపోతుంది. ఒక్కోసారి పాపం అక్కడే చనిపోతుంది. మర్నాటికి ద్రవం ఉండదు, కేసరాలు లోపలికి వంగి కీలాగ్రాన్ని కప్పేస్తాయి. ఇక పువ్వు పుప్పొడి ఇచ్చేదే గాని పుచ్చుకునేది కాదు. అందుకే విచ్చిన రోజే కాడకు రంగు దారం కట్టు, రోజుకో రంగు. రెండో రోజు పూల దగ్గర పుప్పొడి మూటగట్టుకునే తేనెటీగ మొదటి రోజు పువ్వులోకీ దిగుతుందా? నువ్వు తేల్చాల్సింది అదే.

నీలి కలువ పగలు పూస్తుంది. తెల్లవీ ఎర్రవీ ఎక్కువగా రాత్రి పూసేవి. వాటి దగ్గరకు చీకట్లోనే వెళ్లాలి. అమెజాన్‌లో పెరిగే విక్టోరియా అనే పెద్ద కలువ పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చి, వేడెక్కి, సువాసనతో పెంకు పురుగులను పిలిచి, రాత్రంతా లోపల బంధించి, మర్నాటి సాయంత్రం గులాబీ రంగుకు మారి వదిలేస్తుంది. 1975లో ప్రాన్స్, అరియాస్ అనే శాస్త్రవేత్తలు దీన్ని వివరించారు. అది చదివి, మన చెరువులోనూ అదే జరుగుతుందని ముందే అనుకోకు. ఇక్కడ వచ్చేది ఈగ కావచ్చు, చిన్న తేనెటీగ కావచ్చు, పెంకు పురుగు కావచ్చు. చూసిందే రాయి.

రాత్రి పని పెట్టుకున్న రోజులు ముందే చెప్పు. ఫ్లాస్కులో చాయ్ పోసుకుని నేనూ వచ్చి కట్ట మీద కూర్చుంటాను. నా మోకాళ్ల సంగతి ఎత్తి మీ నాన్న వద్దన్నా వినకు.

నీ మేనత్త