క్లబ్ చరిత్ర రాయాలంటే ముందు పాత స్కోర్ కార్డులు వెతకండి

మీ గోల్ఫ్ క్లబ్ సావనీర్‌కి చరిత్ర రాసే పని మీ నెత్తిన పడింది, ఎక్కడ మొదలెట్టాలి అని అడిగారు. విజేతల పేర్లున్న చెక్క బోర్డుతో మాత్రం వద్దు. రంగు వేయించిన ప్రతిసారీ అందులో ఒక పేరు తప్పు పడుతుంది.

పాత స్కోర్ కార్డులు పట్టుకోండి. తేదీ లేదని పక్కన పడేయకండి. ముందు స్కేలు పెట్టి చూడండి. అంచు సరిగ్గా ఆరంగుళాలుండి, దాని వెంట 'స్టైమీ' అని అచ్చయి ఉంటే ఆ కార్డు 1952కు ముందు వేయించినదే. అప్పట్లో మ్యాచ్ ప్లేలో, అంటే ఇద్దరు తలపడి హోల్ హోల్‌కీ గెలుపోటములు లెక్కేసే ఆటలో, అవతలివాడి బంతి మన బంతికీ హోల్‌కీ మధ్య అడ్డుగా ఉన్నా తీయడం కుదరదు. ఆ అడ్డునే స్టైమీ అనేవారు. రెండు బంతులూ ఆరంగుళాల లోపుంటేనే తీయొచ్చు. ఆ దూరం కొలవడానికే కార్డు అంచు. 1952లో ఆ రూలు ఎత్తేశారు. అదే కార్డులో స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్ల గడి, అంటే హోల్‌కి ఇన్ని పాయింట్లని లెక్కేసే గడి, కూడా ఉంటే 1932కు ముందుది కాదు, ఆ పద్ధతి వాడుకలోకి వచ్చిందే అప్పుడు. అచ్చు తేదీ వేరు, పెన్సిల్‌తో రాసిన స్కోరు తేదీ వేరు. కట్టలు కట్టలుగా అచ్చు వేయించి ఏళ్ల తరబడి వాడేవారు.

తర్వాత ఒక్కో హోల్ పొడవు చెప్పే గజాలు. రెండు కాలాల కార్డుల్లో ఒకే హోల్ నలభై గజాలు పెరిగిందంటే వెనక కొత్త టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) కట్టారు, లేదా గ్రీనే (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) జరిపారు. పక్క హోళ్ల కొలతలు చూస్తే ఈ రెండింటిలో ఏదన్నది తేలుతుంది. 1902 బ్రిటిష్ ఓపెన్‌ను శాండీ హెర్డ్ రబ్బరు దారం చుట్టిన, ఎక్కువ దూరం పోయే హాస్కెల్ బంతితో గెలిచాక చెట్టు పాలతో చేసే పాత గట్టా పెర్చా బంతి పని అయిపోయింది, కోర్సులు సాగడం మొదలైంది.

సావనీర్లలో సగం పేజీలు అధ్యక్షుల సందేశాలే. మిగతా సగం ఎవరు ఎవరో రాయని గ్రూప్ ఫొటోలు. జమాఖర్చుల పుస్తకం మాత్రం ఎవరూ తెరవరు! నీళ్లు చాలని చోట పచ్చిక గ్రీన్ల బదులు నూనె కలిపిన ఇసుకతో 'బ్రౌన్లు' ఉండేవి. పుస్తకంలో నూనె ఖర్చు ఆగిపోయి పైపుల ఖర్చు మొదలైన ఏడాదే మీకు పచ్చిక వచ్చిన ఏడాది. దీన్ని కమిటీ సమావేశాల మినిట్స్‌లో వెతికితే దొరకదు, అక్కడంతా బార్ బకాయిల గొడవే.

క్లబ్ వయసునీ కోర్సు వయసునీ కలిపేయకండి. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లో డమ్‌డమ్ దగ్గర మొదలైంది, ఇప్పుడు ఆడేది టాలీగంజ్‌లో.

ఇక గ్రీన్ వయసు మీద పేచీ వస్తే, గ్రౌండ్స్‌మన్‌ని అడిగి మట్టి తీసే సన్నగొట్టం దింపించండి. పైన పన్నెండంగుళాల ఇసుక మిశ్రమం, కింద నాలుగంగుళాల కంకర తగిలితే అది 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం చెప్పిన పద్ధతి. అంతకంటే పాతదని ఎవరన్నా నమ్మకండి. గొట్టం గ్రీన్ మధ్యలో కాకుండా ఓ వారగా దింపించండి, లేకపోతే ఆడేవాళ్లు మీ మీద పడతారు.