నోబుల్ అంటే ఉదాత్తమా, కులీనమా?

"నోబుల్ ఫ్యామిలీ"ని "ఉదాత్త కుటుంబం" అని అనువదించవచ్చా అని అడిగారు కదండీ. అక్కడ వద్దు, "కులీన కుటుంబం" అనండి. కథలో సంభాషణైతే "గొప్పింటివాళ్లు" ఇంకా బాగుంటుంది.

మూలం లాటిన్ "నోబిలిస్". అసలు అర్థం నలుగురికీ తెలిసినవాడు అని. పూర్వీకుల్లో ఎవరైనా కాన్సల్‌గా, అంటే రోమ్‌లో ఎన్నికయ్యే అత్యున్నత అధికారిగా చేసి ఉంటే రోమన్లు ఆ కుటుంబాన్ని అలా పిలిచేవారు. ఆ పెద్దల మైనపు ముఖాలు ఇంటి ముందు హాల్లో దాచుకుని, ఇంట్లో ఎవరైనా పోతే వాటిని తొడుక్కున్న మనుషులను శవయాత్రలో నడిపించేవారు. మంచి మనసు అన్న అర్థం ఆ తరవాత చేరింది.

పాత రూపం "గ్నోబిలిస్". రాలిపోయిన ఆ "గ" ఇంగ్లీషు "ఇగ్నోబుల్" (నీచమైన)లో ఇప్పటికీ వినబడుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి, ఆ ధాతువూ మన "జ్ఞానం"లోని "జ్ఞా" ధాతువూ ఒకే తల్లి పిల్లలు!

"నోబుల్ థాట్స్" వచ్చినచోట మాత్రం మీ "ఉదాత్తం" అలాగే ఉంచండి.