ఏడుపు రానంత మాత్రాన మనసు లేనట్టు కాదు

ప్రశ్న: నా వయసు 37. ఎనిమిది నెలల క్రితం అమ్మ పోయింది. నాకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. నా భార్య ఏం అడిగినా ‘ఏం లేదు’ అనే అంటాను. ‘నువ్వు మనిషివా, రాయివా’ అంటుంది తను. చిన్నప్పుడు నేను ఏడిస్తే నాన్న లేచి బయటికి వెళ్లిపోయేవారు, ఊరుకున్నాకే లోపలికొచ్చేవారు. పోయిన వారం మా ఐదేళ్ల పాప బొమ్మ విరిగింది. గోడవైపు తిరిగి, చప్పుడు రాకుండా ఏడ్చింది. ఏమైందని అడిగితే ‘ఏం లేదు’ అంది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. కన్నతల్లి పోతేనే ఏడవనివాణ్ణి, నాలో ఏదో లోపం ఉందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మనసు లేని మనిషి అందులో ఎక్కడా కనపడలేదు. పాప నోట వచ్చింది తన మాటేనని గుర్తుపట్టి, వారం రోజులుగా నిద్రపోని తండ్రి కనిపించాడు. తల్లి పోయినప్పుడు ఏడుపు రాకపోవడం దానంతటదే జబ్బూ కాదు, ప్రేమ లేకపోవడమూ కాదు. దుఃఖం అందరికీ ఒకేలా బయటికి రాదు.

మీ నాన్నగారి సంగతి రాశారు కాబట్టి ఒక అధ్యయనం చెప్తాను. అమెరికాలోని బాల్టిమోర్‌లో మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఏడాది వయసు పిల్లల్ని గమనించారు. తల్లి కొద్ది నిమిషాలు గదిలోంచి వెళ్లి తిరిగి వస్తుంది. చాలామంది పిల్లలు అమ్మ రాగానే దగ్గరికి వెళ్లి, కాసేపటికి మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు మాత్రం తల్లి వెళ్లినా పట్టించుకోలేదు, వచ్చినా మొహం తిప్పుకుని బొమ్మలతోనే ఉండిపోయారు. చూసేవాళ్లకి ‘ఎంత బుద్ధిమంతుడో’ అనిపిస్తుంది. తర్వాతి పరిశోధకులు అలాంటి పిల్లల గుండె వేగం కొలిచి చూస్తే, అది పెరిగే ఉంది. బాధ ఉంది. చూపిస్తే మనిషి దూరమవుతాడని నేర్చుకున్నారు కాబట్టి దాచారు.

ఒక్క ఉత్తరం చూసి మీరూ ఆ కోవేనని ముద్ర వేయను. కానీ ఏడుపు ఆపితేనే నాన్న లోపలికొస్తారని తెలిసిన పిల్లాడు ఏం నేర్చుకుంటాడు? ఏడవకుండా ఉండటమే. ఆ వయసులో మీకు దొరికిన దారి అదే. అందులో మీ తప్పు లేదు. చిన్నప్పుడు పడిన ముద్ర జీవితాంతం అలాగే ఉండిపోదు కూడా. పెద్దయ్యాక నమ్మకమైన మనిషి తోడు దొరికితే మారుతుంది.

మీ భార్య కోపానికీ కారణం ఉంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరు తమ భావాల్ని అణచుకుంటే ఎదుటి మనిషికి బీపీ పెరిగింది. అవతలి మొహంలో ఏమీ కనపడకపోతే మనకు టెన్షన్ వస్తుంది. తను మిమ్మల్ని రాయి అన్నది తప్పే, కానీ ఆ మాట వెనక ఉన్నది ఒంటరితనం.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం మీ చివరి వాక్యం. ‘కన్నతల్లి పోతేనే ఏడవనివాణ్ణి’. లోపల బాధ తలెత్తగానే దాన్ని కసిరేసి మీరే లేచి బయటికి వెళ్లిపోతున్నారు, నాన్న వెళ్లినట్టే. క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వవేత్త 2003 నుంచి చెబుతున్న స్వీయ కరుణ ఇక్కడ పనికొస్తుంది. బాధను పెంచకుండా, తుంచకుండా ఉన్నదున్నట్టు చూడటం. ఇలాంటిది మనుషులందరికీ ఉంటుందని గుర్తుంచుకోవడం. తనతో తాను దయగా మాట్లాడుకోవడం. ‘అలా అయితే ఇంకా మొద్దుబారిపోతాను’ అని భయపడకండి. 2012లో చేసిన ఒక ప్రయోగంలో, పరీక్ష తప్పాక తమపై దయగా ఆలోచించిన విద్యార్థులు మరుసటి పరీక్షకు ఇంకా ఎక్కువసేపు చదివారు.

అన్నీ ఒకేసారి బయటపెట్టేయమని నేను చెప్పను. ముందు కాగితం తీసుకోండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు, తమను బాధపెట్టిన సంఘటన గురించి రాయించారు. దాన్ని మనసు విప్పి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. ఇది మంత్రం కాదు, ఫలితం ఓ మోస్తరే, అయినా మీలాంటివాళ్లకు మంచి మొదలు. అమ్మ గురించి రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. గుండె మరీ బరువెక్కితే ఆపేయండి. భార్యతో ‘ఏం లేదు’ బదులు, ‘ఏదో ఉంది, ఏమిటో చెప్పడం రావట్లేదు, కాసేపు నా పక్కన కూర్చో’ అనండి. మొదట్లో ఆ మాటే చాలు.

నిద్ర లేమి ఇంకో వారం ఇలాగే ఉంటే సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవండి. బతకాలని లేదు అనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి, ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఇక పాప. ఆ విరిగిన బొమ్మ ఇంకా ఇంట్లోనే ఉంటే, దాన్ని చేతిలోకి తీసుకుని తన పక్కన నేల మీద కూర్చోండి. ‘ఆ రోజు నీకు చాలా బాధేసింది కదా తల్లీ. నాక్కూడా మా అమ్మమీద బెంగొస్తే ఏం లేదనేస్తాను’ అని చెప్పండి. తను వెంటనే ఏమీ అనకపోవచ్చు. ఏడిస్తే ఊరుకోమనకండి. ఏడుపు పూర్తయ్యేదాకా అక్కడే ఉండండి.