అమెరికాలో ఫ్రిజ్ కొనే ముందు మీ పిండి గిన్నె కొలవండి

మొన్న సంక్రాంతికి తిరుపతి వచ్చినప్పుడు, కొర్లగుంటలో మా పక్కింటి అమ్మాయి ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని వచ్చింది. మార్చిలో డల్లాస్ వెళ్తోంది. భర్త ఏడాది నుంచి అక్కడే ఉన్నాడు. ఈ అమ్మాయి వచ్చేలోపు ఇల్లు సర్దాలని రోజూ ఫ్రిజ్‌ల ఫోటోలు పంపిస్తున్నాడట. ఒకటి రెండు తలుపులది, ఒకటి నాలుగు తలుపులది, ఒకదానికి తలుపు మీదే నీళ్ళ కుళాయి. "అక్కా, మనింట్లో లాగా లీటర్లలో చెప్పరంట. క్యూబిక్ ఫీట్ అంటారంట. ఏది తీసుకోమని చెప్పాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది" అంది.

లెక్క తేలికే. ఒక క్యూబిక్ అడుగు అంటే 28 లీటర్ల పైచిలుకు. మన ఇళ్ళలో ఉండే 250 లీటర్ల ఫ్రిజ్ అక్కడి లెక్కలో 9 క్యూబిక్ అడుగులు కూడా ఉండదు. అక్కడ మామూలు సంసారానికి అమ్మేవి 18 నుంచి 28 దాకా ఉంటాయి. కానీ ఆ అంకె చూసి ఫ్రిజ్ కొనకూడదు. ఇరవై రెండేళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాను, కొత్తగా వచ్చిన ఎన్నో కుటుంబాలతో ఫ్రిజ్ కొనడానికి వెళ్ళాను. కొట్టులో అందరూ క్యూబిక్ అడుగులు చూస్తారు, ఇంటికొచ్చాక గిన్నె పట్టలేదని బాధపడతారు.

అందుకే ఆ అమ్మాయిని వాళ్ళింట్లో దోసె పిండి పోసే స్టీలు గిన్నె, కొలిచే టేపు తెమ్మన్నాను. గిన్నె అంచు నుంచి అంచుకు 34 సెంటీమీటర్లు. మూతతో కలిపి ఎత్తు 22. పిండి ఫ్రిజ్‌లో పెట్టాక కూడా కొంచెం పొంగుతుంది కాబట్టి గిన్నె నిండా పోయలేం, చిన్న గిన్నెలోకి మార్చలేం. వారానికి రెండు సార్లు రుబ్బే ఇంట్లో ఈ గిన్నె కదలకుండా ఒక అర ఆక్రమిస్తుంది. దాని పక్కన పెరుగు గిన్నె, కింద పప్పు, పులుసు, ఊరుబిండి డబ్బా. ఇవన్నీ వెడల్పు గిన్నెలే. అమెరికా ఫ్రిజ్ చేసినవాడు మనసులో పెట్టుకున్నది చదరపు డబ్బాలు, సీసాలు.

సైడ్ బై సైడ్ అని నిలువుగా రెండు తలుపులుండే రకం మన వంటకు సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఎడమ పక్క ఫ్రీజర్, కుడి పక్క ఫ్రిజ్. బయటికి బీరువా అంత కనిపిస్తుంది, లోపల మాత్రం రెండూ ఇరుకు. ఆ 34 సెంటీమీటర్ల గిన్నె పెడితే పక్కన ఇంకో గిన్నె పట్టదు. ఫ్రీజర్ పైన ఉండే పాత రకంలో అర మొత్తం వెడల్పుగా వస్తుంది, ధర అన్నిటికన్నా తక్కువ, చెడిపోయే భాగాలూ తక్కువ. ఇద్దరే ఉండే ఇంటికి 18 క్యూబిక్ అడుగుల అలాంటిది చాలు, అంటే దాదాపు 510 లీటర్లు. పిల్లలు, ఆర్నెల్లు వచ్చి ఉండే అమ్మానాన్నలు ఉంటే ఫ్రెంచ్ డోర్ బాగుంటుంది. దానిలో పైన రెండు తలుపులు, కింద సొరుగులాగా ఫ్రీజర్. కూరగాయలు నడుము ఎత్తులో ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మ వంగనక్కర్లేదు. రోజుకు ఇరవై సార్లు తీసేది పై తలుపే కదా.

తలుపు అరలు కూడా చూసుకోండి. అక్కడ పాలు గ్యాలన్ క్యాన్లలో వస్తాయి, ఒక్కోటి 3.78 లీటర్లు. పెరుగు తోడు పెట్టుకునే ఇంట్లో ఎప్పుడూ రెండు క్యాన్లుంటాయి. కొట్టులోనే తలుపు అరలో అది నిలబడుతుందా లేదా అడగండి. నిలబడకపోతే ఆ క్యాన్లు పిండి గిన్నె పక్కకే వస్తాయి.

తలుపు మీద ఐసు, నీళ్ళు ఇచ్చే ఏర్పాటు చూడగానే ముచ్చటేస్తుంది. నేనైతే వద్దంటాను. దానికి గోడలోంచి నీళ్ళ పైపు ఉండాలి, ఫిల్టరు దాదాపు ఆరు నెలలకోసారి మార్చాలి, ఫ్రిజ్‌లో ముందు మొరాయించేది కూడా ఎక్కువగా ఆ ఐసు యంత్రమే. లోపల స్థలం కూడా కొంత తినేస్తుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు గోరువెచ్చని నీళ్ళు తాగేవాళ్ళే.

ఇక కొలతలు. నా సొంత అనుభవం చెప్తాను. 2014లో ఇల్లు కొన్నప్పుడు (టెక్సస్‌లో కొత్తగా కట్టిన ఇళ్ళకు సాధారణంగా ఫ్రిజ్ రాదు) ఫ్రిజ్ పెట్టే గూడు వెడల్పు 36 అంగుళాలు కొలిచాం, ఎత్తు కొలిచాం, సరిపోయే ఫ్రెంచ్ డోర్ తెచ్చాం. లోపలికి సరిగ్గా దూరింది. కానీ ఎడమ పక్కన గోడ ఉంది. తలుపు సరిగ్గా తొంభై డిగ్రీలే తెరుచుకుంటుంది, అంతకు మించి రాదు. లోపల కూరగాయల సొరుగు పూర్తిగా బయటికి రావాలంటే తలుపు ఇంకా వెనక్కి పోవాలి. వాపసు తీసుకోమంటే కొట్టువాళ్ళు డబ్బు కట్టమన్నారు. ఆ ఫ్రిజ్ ఉన్నన్నాళ్ళూ కొత్తిమీర కట్ట తీయాలన్నా సొరుగుని సగం లాగి, చెయ్యి వంచి, తడుముకుని తీశాను. గూడు కొలవడం అందరికీ తెలుసు. తలుపు తెరిచాక ఎంత చోటు కావాలో, వంటింట్లో ఎదురుగా ఉన్న గట్టుకు తగులుతుందో లేదో, ఇంటి వాకిలి, మెట్ల మలుపు ఎంత వెడల్పో, ఇవి కూడా కొలవండి. చుట్టూ గాలి ఆడడానికి ఒక అంగుళమైనా వదలండి. తెచ్చినవాళ్ళు వెళ్ళకముందే నాలుగు పక్కలా చూసి, సొట్ట ఉంటే అప్పుడే ఫోటో తీసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

అసలు కొనాలా అన్నది ముందు ప్రశ్న. అమెరికాలో చాలాచోట్ల అద్దె అపార్ట్‌మెంట్‌లో ఫ్రిజ్ ఓనర్లే ఇస్తారు, చెడిపోతే బాగుచేయించే బాధ్యతా వాళ్ళదే. చేరిన రోజే లోపల, బయట ఫోటోలు తీసి అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఈమెయిల్ పంపి ఉంచుకోండి. కాలిఫోర్నియాలో చాలా ఇళ్ళకు ఇచ్చేవాళ్ళు కాదు. 2026 జనవరి 1 నుంచి కొత్తగా రాసుకునే లీజులకు పొయ్యి, ఫ్రిజ్ రెండూ ఓనరే ఇవ్వాలని అక్కడ చట్టం చేశారు. జర్మనీ వెళ్ళేవాళ్ళు జాగ్రత్త, అద్దె ఇంట్లో వంటగది మొత్తం ఖాళీగా ఉండే ఇళ్ళు అక్కడ ఎన్నో. ఎక్కడికైనా సరే, ముందు ఓనరుని అడగండి, ఆ తర్వాతే ఫోటోలు చూడండి. ఇంకో మాట. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. తిరిగొచ్చేటప్పుడు మంచి ఫ్రిజ్ కదా అని కంటైనర్లో వేసుకుని తిరుపతికి తేవద్దు.

కొత్తగా వెళ్ళినవాళ్ళందరూ భయపడే చోటు ఒకటుంది. తలుపు తెరిస్తే 37 అని వెలుగుతుంది. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు "ఇదేందమ్మా, ఒంటి వేడంత ఉంది, ఫ్రిజ్ పనిచెయ్యట్లేదు" అని పాలన్నీ కాచి పెట్టారు. అది ఫారెన్‌హీట్. 37 అంటే మన లెక్కలో 3 డిగ్రీలు. ఫ్రిజ్ 40 లోపు ఉండాలి, ఫ్రీజర్ సున్నా దగ్గర ఉండాలి, అంటే మైనస్ 18 సెల్సియస్. వండినవి రెండు గంటలకు మించి బయట ఉంచకుండా లోపల పెట్టాలని, మూడు నాలుగు రోజుల్లో తినేయాలని అక్కడి ప్రభుత్వ సూచన. అన్నం విషయంలో ఇది తప్పకుండా పాటించండి. వండి బయట వదిలేసిన అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా తయారుచేసే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

చదువుకోవడానికి వెళ్ళే పిల్లల సంగతి వేరు. నలుగురికి ఒకే ఫ్రిజ్. తిరుపతి నుంచి వచ్చే పిల్లల్లో మాంసం ముట్టనివాళ్ళు చాలామంది ఉంటారు, కొండ ప్రసాదం ఎక్కడ పెట్టాలా అని కూడా వాళ్ళకు దిగులు. మొదటి రోజే కూర్చుని మాట్లాడుకోండి. పై అర శాకాహారానికి, అడుగు అర మాంసానికి. పచ్చి మాంసం అడుగున ఉంటే దాని నీళ్ళు మిగతావాటి మీద కారవు, కాబట్టి ఎవరి మతంతోనూ పని లేకుండా ఇది అందరికీ మంచిదే. మూత లేని గిన్నె ఎవరూ పెట్టకూడదని ఒక్క కట్టుబాటు చేసుకుంటే గొడవలు సగం తగ్గుతాయి.

వాడిన ఫ్రిజ్ కొనడంలో తప్పేమీ లేదు. ఊరు మారేవాళ్ళు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో చవగ్గా పెడుతుంటారు. అది కరెంటులో ఉండగానే వెళ్ళి చూడండి. ముందు రాత్రి ఒక గ్లాసు నీళ్ళు మధ్య అరలో పెట్టి ఉంచమనండి, వెళ్ళాక అందులో వంటింటి థర్మామీటర్ ముంచి చూడండి. 40 ఫారెన్‌హీట్ దాటితే వద్దు. తలుపు రబ్బరు మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేస్తే చల్లదనం అక్కడి నుంచి పోతున్నట్టే. తెచ్చేటప్పుడు నిలబెట్టే తీసుకురండి. పడుకోబెట్టాల్సి వస్తే ఇంటికి చేరాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడు ప్లగ్ పెట్టండి, కంప్రెసర్లోని ఆయిల్ కిందికి దిగాలి.

కొత్తది కొనేవాళ్ళు తొందర పడకపోతే డబ్బు మిగులుతుంది. మే చివరి సోమవారం, జులై 4, సెప్టెంబర్ మొదటి సోమవారం, నవంబర్ చివర, ఈ పండుగలప్పుడు ధరలు తగ్గిస్తారు. పసుపు రంగు ఎనర్జీ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది, రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి.

రెండో ఫ్రిజ్ గ్యారేజీలో పెట్టడం మనవాళ్ళకు అలవాటు. పెళ్ళిళ్ళు, వ్రతాలు, ఇంటికొచ్చే చుట్టాలు, కాదనలేం. మామూలు ఫ్రిజ్‌ని గ్యారేజీలో పెడితే చలికాలంలో ఒక తిప్పలుంది. చుట్టూ చల్లగా ఉంటే లోపల చాలినంత చల్లగా ఉందనుకుని కంప్రెసర్ ఆగిపోతుంది, ఫ్రీజర్లో ఉన్నవి కరుగుతాయి. గ్యారేజీలో పెట్టడానికి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి. ఇండియన్ స్టోరు గంట దూరంలో ఉన్న ఊళ్ళలో ఉండేవాళ్ళకైతే రెండో ఫ్రిజ్ కన్నా పెట్టెలాంటి ఫ్రీజర్ మేలు. మునక్కాయలు, కొబ్బరి తురుము, గోంగూర నెలకు సరిపడా తెచ్చి పెట్టుకోవచ్చు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు మా వీధిలో అందరూ మాటిమాటికీ ఫ్రిజ్ తెరిచి చూసుకున్నారు. తెరవకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు. ఇది ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకు చెబితే, "మా ఇంటికీ పనికొస్తుందమ్మా, ఎండాకాలం కరెంటు పోతే ఈమె పది సార్లు తెరుస్తుంది" అన్నారు.

ఆయన మాట వల్లే గుర్తొచ్చింది. అక్కడ జీతం రాగానే మనం చేసే మొదటి పని తిరుపతిలో అమ్మానాన్నలకు పెద్ద ఫ్రిజ్ ఆర్డర్ పెట్టడం. ప్రేమతోనే పెడతాం. కానీ ఇద్దరుండే ఇంటికి 600 లీటర్లది వద్దు. 250 నుంచి 300 లీటర్ల ఫ్రాస్ట్ ఫ్రీ చాలు. వంగలేని పెద్దవాళ్ళైతే ఫ్రీజర్ కింద ఉండే రకం అడగండి. స్టార్ లేబుల్ మీద నక్షత్రాలతో పాటు సంవత్సరం కూడా చూడండి, ప్రమాణాలు మధ్యమధ్యలో కఠినం చేస్తారు కాబట్టి పాత ఐదు నక్షత్రాలు, కొత్త ఐదు నక్షత్రాలు ఒకటి కావు. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది, గోడకు ఆనించి పెట్టనివ్వకండి. ఆన్‌లైన్‌లో తీసుకోవడం కన్నా ఊళ్ళో కొట్టుకు ఫోన్ చేసి తీసుకోండి. చెడిపోయినప్పుడు నాన్న నడిచి వెళ్ళి అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

ఇంతలో ఆ అమ్మాయి చీటీ మీద రాసుకున్న కొలతలు భర్తకు పంపింది, అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడున్న ఫ్రిజ్‌ని కొలవమని. అక్కడ తెల్లవారుతోంది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఫ్రీజర్ పైన ఉండే రకమే, 18 క్యూబిక్ అడుగులది. పాతగా కనిపిస్తోందని మార్చాలనుకున్నాడంతే. అర వెడల్పు 60 సెంటీమీటర్లు, ఎత్తు 20. గిన్నె ఎత్తు 22. అర ఒక మెట్టు పైకి జరిపి మళ్ళీ కొలిచి ఫోటో పెట్టాడు, 25.