మెమరీ టానిక్ సంగతి తర్వాత, ముందు బాబు చెవులు చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కర్నూలు. బాబుకు మూడున్నరేళ్లు, బరువు 13 కిలోలు. ఎల్‌కేజీ సీటు కోసం రెండు ప్రైవేటు స్కూళ్లకు తీసుకెళ్లాం. పేరడిగితే పలకడు, రంగులు చూపిస్తే దిక్కులు చూస్తాడు. రెండు చోట్లా కుదరదన్నారు. మూడో స్కూల్లో ఇంటరాక్షన్ ఇంకో మూడు వారాలే ఉంది. ఇంట్లో 'అమ్మా పాలు', 'బండి పోదాం' అంటాడు. టీవీ మాత్రం బాగా సౌండు పెంచుకుని చూస్తాడు. మెడికల్ షాపులో అడిగితే ఆకలి సిరప్, మెమరీ టానిక్ ఇచ్చారు. రెండు నెలలుగా తాపిస్తున్నాం. మా అత్తమ్మ రోజూ వస అరగదీసి నాకిస్తారు. ఎనిమిది నెలలుగా పక్క తడపనివాడు ఈ నెల నుంచి మళ్లీ తడుపుతున్నాడు. ఈ టెన్షన్‌కు మా ఆయనకు నిద్ర పట్టక, పది రోజులుగా మామగారి నిద్రమాత్రలో సగం వేసుకుంటున్నారు. ఇంతకంటే మంచి మెమరీ టానిక్ ఏదైనా రాయగలరా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: టానిక్ రాయడం లేదమ్మా. మీ ఉత్తరమంతటిలో నన్ను ఆపింది టీవీ సౌండు గురించి మీరు రాసిన మాట. మూడేళ్లు నిండిన పిల్లాడు మూడేసి మాటలు కలిపి మాట్లాడాలి, 'ఏంటిది', 'ఎక్కడ' అని ప్రాణం తీయాలి. బయటివాళ్లకు కూడా అతని మాటల్లో ముప్పాతిక వంతు అర్థం కావాలి. రెండేసి మాటలు కలపడం రెండేళ్ల వయసులో రావాల్సిన పని. కొత్తవాళ్ల దగ్గర నోరు విప్పకపోతే సిగ్గనుకోవచ్చు. ఇంట్లో కూడా రెండు మాటల దగ్గరే ఆగాడంటే సిగ్గని సరిపెట్టుకోలేం. పైగా టీవీ సౌండు పెంచుతున్నాడు. అతనికి సరిగా వినపడుతోందా అన్నది ముందు తేలాలి.

పిల్లాణ్ణి చూడకుండా ఇదీ జబ్బు అని నేను చెప్పలేను. కానీ ఈ వయసులో తరచూ కనిపించే కారణం ఒకటుంది. జలుబులు వచ్చిపోతూ కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు నిలుస్తుంది. నొప్పి ఉండదు, చీము కారదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. గట్టిగా పిలిస్తే తిరిగి చూస్తాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకుంటాం. మాటల్లోని సన్నని శబ్దాలు మాత్రం అతనికి అందవు.

ఇంట్లో ఒకసారి ఇలా చూడండి. టీవీ, ఫ్యాను ఆపండి. అతను ఆటలో ఉండగా వెనకనుంచి మూడడుగుల దూరంలో నిలబడి, గుసగుసగా 'బిస్కెట్' అనో, అతనికి ఇష్టమైన ఇంకో మాటో అనండి. మీ నీడ పడకూడదు, కాలి చప్పుడు వినపడకూడదు. కుడి వైపు నుంచి రెండుసార్లు, ఎడమ వైపు నుంచి రెండుసార్లు. తిరగకపోతే అనుమానం బలపడినట్టు. తిరిగినా పరీక్ష మాత్రం మానొద్దు.

కర్నూలు సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగానికి వెళ్లండి. మాట ఆలస్యమైన పిల్లల కోసం ప్రభుత్వం జిల్లాలకు ఇచ్చిన డీఈఐసీ కేంద్రం గురించి పిల్లల విభాగంలో అడగండి. ముందు లైటు వేసి చెవి చూస్తారు. టింపనోమెట్రీ అంటే చెవిలో చిన్న రబ్బరు మొన పెట్టి కర్ణభేరి కదలికను కొలవడం, రెండు నిమిషాల పని, నొప్పి ఉండదు. తర్వాత శబ్దం వినపడినప్పుడల్లా గిన్నెలో ఒక బిళ్ల వేయమని ఆటలా ఆడిస్తారు. దానికి లొంగకపోతే నిద్రపుచ్చి బెరా పరీక్ష చేస్తారు, అంటే శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయా అని యంత్రంతో చూడటం. నిద్ర మందు ఆసుపత్రిలోనే ఇవ్వాలి, ఇంట్లో జలుబు సిరప్ పోసి పడుకోబెట్టి తీసుకెళ్లకండి. నీరు ఉందని తేలితే చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది, మళ్లీ చూసి నిర్ణయిస్తారు. ఈలోగా చెవిలో వేడి నూనె పోయకండి. వినికిడి బాగుందని తేలితే స్పీచ్ థెరపిస్టు, పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు చూడాలి. పిలిస్తే కళ్లలోకి చూస్తాడా, కావాల్సింది వేలితో చూపిస్తాడా అని అడుగుతారు, ఇప్పటినుంచే గమనించి పెట్టుకోండి.

ఇక సీసాల సంగతి. ఇక్కడ కొంచెం కోపం వస్తోంది, ఏమనుకోకండి.

ఆకలి సిరప్ పేరుతో ఇచ్చేవాటిలో చాలావరకు సైప్రోహెప్టాడిన్ ఉంటుంది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో చూడండి. అది పాతకాలపు ఎలర్జీ మందు. మగత తెస్తుంది, నోరు ఎండగొడుతుంది, విరేచనం గట్టిపరుస్తుంది. మగతలో ఉన్న పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అంటే దిక్కులు చూడక ఏం చేస్తాడు? నోరెండితే నీళ్లు ఎక్కువ తాగుతాడు. పేగులో మలం గట్టిపడి మూత్రసంచిని నొక్కుతుంది. పక్క తడపడానికి అదే కారణం కావచ్చు. పెరిగిన ఆకలి కూడా మందు ఆపగానే తగ్గిపోతుంది. సైప్రోహెప్టాడిన్ ఒక్కటే అయితే ఆపేస్తే మామూలుగా ఇబ్బందేమీ ఉండదు. ఇంకేదైనా కలిసి ఉంటే దగ్గర్లోని పిల్లల డాక్టరుకు చూపించి ఆపండి. మెమరీ టానిక్ తాగితే మూడున్నరేళ్ల పిల్లాడికి మాటలు వస్తాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు.

వస పోసిన పిట్టలా మాట్లాడాలని అత్తమ్మగారి ఆశ, తప్పు పట్టను. కానీ వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది, జంతువుల మీద పరీక్షల్లో దాని హాని బయటపడింది. పిల్లలకు వాంతులు కూడా కావచ్చు. అత్తమ్మగారికి నా మాటగా చెప్పి మాన్పించండి.

అయిదేళ్ల లోపు పిల్లలు రాత్రి పక్క తడపడం జబ్బు కాదు. ఆరు నెలలకు పైగా ఆగి మళ్లీ మొదలైందంటే మాత్రం మూత్ర పరీక్ష, రక్తంలో షుగర్ ఈ వారంలోనే చేయించాలి. అతిగా దాహం, బరువు తగ్గడం, వాంతులు, ఆయాసం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి, రాత్రయినా సరే. సిరప్ వల్లేలే అని మీరే తేల్చుకోవద్దు.

బరువు కొంచెం తక్కువ వైపే ఉంది, భయపడేంత కాదు. బలపాలు, మట్టి తింటాడా? తింటే హిమోగ్లోబిన్ చూపించండి, 11 కన్నా తక్కువైతే రక్తహీనతే. పాలు రోజుకు అర లీటరు దాటితే సంగటి, పప్పు, గుడ్డు తినే ఆకలి చస్తుంది. బుడ్డలు (వేరుశనగలు) గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి అన్నంలో కలపండి. టీవీ, ఫోను అన్నీ కలిపి రోజుకు గంట లోపే. ఇంటరాక్షన్ కోసం వచ్చీరాని ఇంగ్లీషు రుద్దకండి. ఇంట్లో తెలుగులోనే, ఎదురుగా కూర్చుని, అతను ఒక మాటంటే మీరు దానికి రెండు చేర్చి చెప్పండి. 'బండి' అంటే 'నాన్న ఎర్ర బండి' అనండి.

సీటు విషయం నా శాఖ కాదు, అయినా ఒక మాట. పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి వడపోయడాన్ని, డొనేషన్ వసూలు చేయడాన్ని 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 నిషేధించింది. ఎల్‌కేజీకి అది ఎంతవరకు వర్తిస్తుందో విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి 6 ఏళ్లు అంటోంది. మీ వాడు ఈ ఏడు ఎల్‌కేజీలో చేరితే అప్పటికి 6 నిండవు. ఏడాది ఆగితే పోయేదేమీ లేదు. చెవి పరీక్ష మాత్రం ఏడాది ఆగదు, ఇంటరాక్షన్‌కు ముందే చేయించండి. లోపం తేలితే ఆ కాగితం స్కూలు వాళ్లకు కూడా చూపించవచ్చు.

మీ ఆయన వేసుకునేది అల్‌ప్రజోలం అయ్యుండవచ్చు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. మద్యం తాగి వేసుకున్నా, వేసుకుని బండి నడిపినా ప్రమాదం. పది రోజులే కాబట్టి ఇప్పుడే ఒక డాక్టరును కలవమనండి, నిద్రతో పాటు బీపీ కూడా చూస్తారు. ఆ మిగిలిన సగం మాత్ర స్ట్రిప్పు ఎక్కడుంది? బల్ల మీద ఉంటే వెంటనే తీసి తాళం వేసిన బీరువాలో పెట్టండి, సగం మాత్ర కూడా పిల్లాడికి ఎక్కువే.

ఆసుపత్రికి వెళ్లే రోజు సిరప్ సీసాలు, వసకొమ్ము అన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఖాళీ అయినవి కూడా, లేబుల్ ఉంటే చాలు.