రెండు నోబెల్‌లు పొందిన శాస్త్రవేత్త మాటను డాక్టర్లు ఎందుకు ఒప్పుకోరు?

మీ నాన్నగారు క్యాన్సర్ చికిత్సను వాయిదా వేసి పెద్ద మోతాదులో విటమిన్ సి వాడతానంటున్నారని, "రెండు నోబెల్ బహుమతులు వచ్చిన మనిషి కంటే మన డాక్టరుకు ఎక్కువ తెలుసా?" అని అడుగుతున్నారని రాశారు. ఇదే ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. "అదంతా బూటకం" అని మాత్రం అనకండి. ఆ మాటతో నాన్నగారు మీరు చెప్పేది వినడమే మానేస్తారు. పైగా అది న్యాయమైన మాట కూడా కాదు.

క్యాన్సర్‌కు పెద్ద మోతాదు విటమిన్ సి మేలు చేస్తుందని చెప్పిన ఆ శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ మోసగాడు కాదు. రసాయన బంధాల స్వభావాన్ని వివరించినందుకు 1954లో ఆయనకు నోబెల్ వచ్చింది. అణ్వస్త్ర పరీక్షలను వ్యతిరేకించినందుకు 1962 సంవత్సరపు శాంతి బహుమతి వచ్చింది. ఎవరితోనూ పంచుకోకుండా రెండు నోబెల్‌లు పొందిన వ్యక్తి ఆయన ఒక్కరే. మా మామయ్య ఉద్యోగమంతా పిల్లలకు రసాయన శాస్త్రం బోధించారు. పరమాణువు ఎలక్ట్రాన్లను ఎంతగా తనవైపు లాక్కుంటుందో చెప్పడానికి పాలింగ్ రూపొందించిన రుణవిద్యుదాత్మకత స్కేలును ఏటా నల్లబల్ల మీద రాసిన చేయి అది. అందుకే పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, కీమో మొదలుపెట్టాలని డాక్టరు చెప్పిన సమయంలో, బంధువు ఒకాయన పాలింగ్ రాసిన విటమిన్ సి వ్యాసాలు తెచ్చి ఇస్తే మామయ్య వాటిని ఎంతో గౌరవంగా అందుకున్నారు. కీమో కొన్ని నెలలు ఆపి, రోజుకు పది గ్రాముల విటమిన్ సి వేసుకుని చూస్తానన్నారు. అత్తయ్య ఏడ్చింది, మా బావ కోప్పడ్డాడు. రెండూ పని చేయలేదు.

నేను పాలింగ్ గురించి వాదించలేదు. ఆయన ఏ పరిశోధన ఆధారంగా ఆ మాట అన్నారో దాన్ని ఇద్దరం కలిసి చదువుదామన్నాను. మామయ్య వెంటనే ఒప్పుకున్నారు. ఉపాధ్యాయులు కదా.

ఆ పరిశోధన 1976 నాటిది. స్కాట్లాండ్‌లో యూవన్ కామెరాన్ అనే వైద్యుడు, ఇక చికిత్స లేదని తేలిన 100 మంది క్యాన్సర్ రోగులకు రోజుకు పది గ్రాముల చొప్పున విటమిన్ సి ఇచ్చారు. అదే ఆసుపత్రి పాత రికార్డుల నుంచి విటమిన్ తీసుకోని 1,000 మందిని ఎంచి వారితో పోల్చారు. విటమిన్ తీసుకున్నవారు సగటున 210 రోజులు, తీసుకోనివారు 50 రోజులు బతికారని కామెరాన్, పాలింగ్ కలిసి ప్రకటించారు. నాలుగు రెట్లు! ఎవరికైనా ఆశ పుడుతుంది.

కానీ ఆ రోజులను ఎప్పటి నుంచి లెక్కపెట్టారు? "ఇక చికిత్స లేదు" అని నిర్ణయించిన రోజు నుంచి. పాత రికార్డుల్లోని రోగుల్లో కొంతమందికి ఆ ముద్ర పడింది మరణానికి కొద్ది రోజుల ముందే. విటమిన్ తీసుకున్నవారిని మాత్రం ఇంకాస్త ముందు దశలోనే ఆ జాబితాలో చేర్చినట్టు కనిపిస్తుందని తర్వాత విమర్శకులు ఎత్తిచూపారు. అంటే రెండు గుంపుల పరుగు మొదలైన చోటే వేరు. ఇది వినగానే మామయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "పోల్చిన రెండు గుంపులూ మొదట్లోనే సమానం కావన్నమాట" అన్నారు. నేను అంతకుమించి ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

మీరు నాన్నగారికి చూపవలసింది తర్వాతి భాగం. డాక్టర్లు పాలింగ్ మాటను వినకుండానే తోసిపుచ్చారన్నది నిజం కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆసుపత్రి క్యాన్సర్ రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు పది గ్రాముల విటమిన్ సి, మరో గుంపుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చింది. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 1979లో ఫలితం వచ్చింది. తేడా లేదు. ఆ రోగుల్లో ఎక్కువమంది అంతకుముందే కీమో తీసుకున్నారని, దానివల్ల వారి రోగనిరోధక శక్తి దెబ్బతిందని పాలింగ్ అభ్యంతరం చెప్పారు. సరేనని, కీమో తీసుకోని, వ్యాధి ముదిరిన 100 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులతో మళ్లీ పరీక్షించి 1985లో ఫలితం ప్రచురించారు. అప్పుడూ తేడా కనిపించలేదు. మందును ఎక్కువ కాలం ఇవ్వలేదని ఆయన మళ్లీ ఆక్షేపించారు. మామయ్యది కూడా పెద్దపేగు క్యాన్సరే కాబట్టి ఈ రెండో పరీక్ష ఆయనను బాగా ఆలోచింపజేసింది.

పాలింగ్‌లోని ఒక తేడా నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 1953లో ఆయన డీఎన్‌ఏ మూడు పేటల నిర్మాణమని ప్రతిపాదించారు. అదే సంవత్సరం వాట్సన్, క్రిక్ అనే శాస్త్రవేత్తలు రెండు పేటల నిర్మాణాన్ని చూపితే హుందాగా ఒప్పుకున్నారు. విటమిన్ సి విషయంలో ఆ హుందాతనం నిలవలేదు. ప్రతికూల ఫలితం వచ్చిన ప్రతిసారీ లోపం పరీక్షలోనే వెతికారు. మేధస్సు ఒకటే, మనిషి ఒక్కరే. ఆయన 1994లో ప్రొస్టేట్ క్యాన్సర్‌తో మరణించారని కొందరు ఎత్తిపొడుస్తారు. మీరు ఆ పని చేయకండి. ఆయన 93 ఏళ్లు బతికారని అవతలివారు అంటారు. ఒక్క మనిషి చావుబతుకులు దేనికీ రుజువు కావు.

"కొత్త మాట చెప్పినవారిని లోకం మొదట వెక్కిరిస్తుంది" అని కూడా మీ నాన్నగారు అనవచ్చు. మామయ్య అన్నారు, ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ పేరు చెప్పి మరీ అన్నారు. కడుపులో పుండ్లకు బ్యాక్టీరియా కారణమంటే మొదట చాలామంది నమ్మలేదు. మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్నారు. నిజమే, కానీ వైద్యలోకం మారింది ఆ సాహసం ఒక్కదాన్ని చూసి కాదు. యాంటీబయాటిక్స్‌తో ఆ బ్యాక్టీరియాను తొలగిస్తే పుండ్లు తిరిగి రావడం బాగా తగ్గిపోతుందని వేర్వేరు చోట్ల చేసిన పరీక్షలు చూపించాయి. 2005లో ఆయనకూ, ఆయనతో కలిసి పనిచేసిన రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. మార్షల్ వాదన పరీక్షించే కొద్దీ బలపడింది. మాత్రల విటమిన్ సి వాదన పరీక్షించే కొద్దీ బలహీనపడింది.

రక్తనాళంలోకి నేరుగా ఎక్కించే విటమిన్ సి సంగతి వేరు. మాత్రలు వేసుకుంటే, మోతాదు ఒక గ్రాము దాటిన తర్వాత పేగులు అందులో సగం కూడా పీల్చుకోవు. ఇంజెక్షన్‌తో రక్తంలో స్థాయి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి దానిపై పరిశోధనలు సాగుతున్నాయి. అయితే అవి కీమోను మానేయడానికి ఆధారం కావు.

ఇక మీరు వెంటనే చేయవలసిన పని ఒకటుంది. నాన్నగారు ఇప్పటికే మాత్రలు మొదలుపెట్టి ఉంటే, ఎంత మోతాదో డాక్టరుకు చెప్పండి, దాచకండి. అమెరికాలో పెద్దలకు నిర్ణయించిన గరిష్ఠ పరిమితి రోజుకు 2 గ్రాములు. అంతకు మించితే విరేచనాలు కావచ్చు. ఈ విటమిన్ శరీరంలో కొంత ఆక్సలేట్ అనే పదార్థంగా మారుతుంది కాబట్టి కిడ్నీలో రాళ్లు ఏర్పడే అవకాశం ఉన్నవారికి ప్రమాదం. మామయ్యకు పూర్వం రాళ్లు వచ్చాయి. ఆ సంగతి విని డాక్టరు మందలించలేదు, కుర్చీ దగ్గరికి జరుపుకుని ఎందుకు వద్దో ఓపికగా చెప్పారు. మామయ్య కీమోకు ఒప్పుకోవడంలో ఆ ఓపికకు పెద్ద పాత్ర ఉంది. మీ డాక్టరు విసుక్కునే మనిషైతే మరో క్యాన్సర్ డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

అమెరికాలో 2018లో ప్రచురితమైన ఒక పరిశోధన ఇంకా వ్యాపించని క్యాన్సర్ల విషయంలో ప్రామాణిక చికిత్స మానేసి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్నవారిని పరిశీలించింది. వారిలో మరణించే ముప్పు దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. మీ నాన్నగారి క్యాన్సర్ ఏ దశలో ఉందో మీరు రాయలేదు. తొలి దశే అయితే, విటమిన్ గురించిన చర్చ ఎన్నాళ్లు సాగినా సాగనివ్వండి, చికిత్స తేదీని మాత్రం వెనక్కి జరగనివ్వకండి.